సలహా రాసేవాడు ముందు గట్టు దిగాలి

మందుల షాపాయన మాట తప్పితే మర్నాటి నుంచి ఆ షాపు మెట్లెక్కం. పక్క చేను ఆసామి తప్పు చెబితే గట్టు మీదే నిలదీస్తాం. మరి అచ్చులో వచ్చిన సలహా తప్పయితే ఎవరిని అడగాలండీ? కత్తిరించి దాచుకున్న పేపరు ముక్క వసారాలో మేకుకు అలాగే వేలాడుతుంటుంది. చేను మాత్రం పోతుంది.

రైతు కోసం రాసే ప్రతి సలహా వెనుక ఎకరాకు వేల రూపాయల పెట్టుబడి ఉంటుంది. అది రాసినవాడి జేబులోది కాదు, చదివినవాడిది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని రాస్తే వ్యవసాయ పేజీల్లో వచ్చే తప్పులు చాలావరకు తగ్గుతాయని నా అభిప్రాయం. ఎవరినో ఎత్తిచూపడానికి ఈ మాట అనడం లేదు. ముందు నా తప్పే చెబుతాను, వినండి.

ఒక్క మాట వదిలేసినందుకు

చాలా ఏళ్ల కిందట ఊడ్పుల రోజుల్లో ఒక చిన్న పత్రికకు వరిలో కలుపు నివారణ మీద నాలుగు పేరాలు రాసి పంపాను. బ్యూటాక్లోర్ మందును ఇసుకలో కలిపి, ఊడ్చిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు పలచగా నీరు పెట్టి చల్లాలని రాశాను. మోతాదు రెండున్నర లీటర్లు అన్నాను. ఆ అంకె నేను ఒక పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నది. పుస్తకంలో అది హెక్టారు లెక్క. నా రాతలో ‘హెక్టారుకు’ అన్న మాట పడలేదు.

మన జిల్లాలో ఎవరు హెక్టార్లలో సేద్యం చేస్తారండీ? ఎకరాలు, సెంట్లే కదా మన లెక్క. మా ఊళ్లోనే వరసకు కొడుకయ్యే ఒకతను అది ఎకరా మోతాదే అనుకున్నాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే వేయవలసిన దానికి రెండున్నర రెట్ల మందు ఎకరంలో పడింది. అప్పటికి నారు ఇంకా వేరు తన్నుకోలేదు. వారం తిరిగేసరికి మొక్క ఎదుగుదల ఆగిపోయి, సగం చేను కమిలిపోయింది.

అతను పేపరు ముక్క పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కేకలు వేయలేదు. ‘‘బాబాయ్, ఇది నువ్వు రాసిందేనా?’’ అని అడిగాడు. అవునన్నాను. ‘‘నువ్వు రాశావు గదా అనే చల్లాను’’ అన్నాడు. అంతే. మా మడిలో మిగిలిన నారు ఇచ్చి, కూలి ఖర్చులో సగం నేను పెట్టుకుని ఆ అరెకరం మళ్లీ ఊడ్పించాం. ముదురు నారు, ఆలస్యపు ఊడ్పు. పంట ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. ఆ మాట మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. కలం పట్టిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

మన ఊరికి ఈ సంగతి కొత్త కాదు

పెదపారుపూడిలో కూర్చుని ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఈ ఊళ్లోనే రైతు కుటుంబంలో 1936లో పుట్టిన చెరుకూరి రామోజీరావు 1969లో ‘అన్నదాత’ పత్రిక పెట్టారు. ‘ఈనాడు’ దినపత్రిక విశాఖపట్నంలో 1974లో మొదలైంది. అంటే ఆయన దినపత్రిక కన్నా రైతు పత్రికే ఐదేళ్లు పెద్దది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన చేసిన మిగతా పనుల మీద ఎవరి అభిప్రాయం వారిది. వ్యవసాయం మీద తెలుగులో, రైతు డబ్బిచ్చి కొనుక్కునే పత్రిక నడుస్తుందని నమ్మిన మనిషి మాత్రం మన కాలువ నీటి ఊరివాడే.

ఆ రోజులు ఒకసారి తలచుకోండి. ఐఆర్-8 వరి 1966లో వచ్చింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఆ వరిని తన పొలంలో పండించి చూపించారు. చూసినవాళ్లు విత్తనం అడిగి తీసుకెళ్లారు. ఇక తమిళనాడులో తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే రకానికి ‘రేడియో వరి’ అని పేరు పెట్టుకున్నారు. రేడియోలో చెప్పింది విని వేసిన వరి కాబట్టి ఆ పేరు. మనకు విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది. సాయంత్రం రేడియో చుట్టూ అరుగు మీద చేరిన తరం ఇంకా ఊళ్లో ఉంది.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? రైతుకు కబురు చేరడం ఒక ఎత్తు, నమ్మకం కుదరడం ఒక ఎత్తు. కబురు రేడియో చెప్పినా పేపరు చెప్పినా, నమ్మకం మాత్రం చేలో పైరు చూశాకే కుదురుతుంది. కాబట్టి రాసేవాడు కూడా చేను చూసే రాయాలి. చూడలేకపోతే చూసినవాణ్ణి అడిగి రాయాలి.

కొలత రైతుదై ఉండాలి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి, కోసిన పనలు నీళ్లలో తేలాయి. అలాంటప్పుడు గింజ మొలకెత్తకుండా ‘5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేయాలి’ అని చెబుతుంటారు. సలహా మంచిదే. కానీ మోకాలి లోతు నీళ్లలో నిలబడినవాడికి 5 శాతం అంటే ఏం తెలుస్తుంది? లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటికి 10 కిలోలు అని రాయండి. వెంటనే ఇంట్లోవాళ్లను కొట్టుకు పంపి కళ్లుప్పు తెప్పిస్తాడు. రెండు వాక్యాలూ చెప్పేది ఒకటే. రైతుకు పనికొచ్చేది రెండోదే.

సుడిదోమకు కాలిబాటల సంగతీ అంతే. ‘ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయాలి’ అని అచ్చవుతుంది. ఊడ్పు కూలీల దగ్గర టేపు ఉంటుందా? ఆరున్నర అడుగులకు ఒకటి చొప్పున, జానెడు వెడల్పున, తూర్పు పడమరలుగా తాడు పట్టి వదలమంటే ముఠా మేస్త్రి ఇట్టే చేయించేస్తాడు. గాలీ వెలుతురూ మొదళ్లకు తగిలి దోమ ఉద్ధృతి తగ్గుతుందని కారణం కూడా ఒక ముక్క చెబితే, ఆ జానెడు జాగా వృథా అని మేస్త్రి కూడా అనడు.

బస్తా అనే మాట ఇంకా ప్రమాదం. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. కొనుగోలు కేంద్రంలో నింపేది 40 కిలోల సంచి. ‘ఎకరాకు 50 బస్తాలు పండింది’ అని రాసి కిలోలు రాయకపోతే ఆ దిగుబడికి అర్థమే లేదు. స్ప్రేయరు కూడా అంతే. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్లు కొట్టేవాడికీ, పవర్ స్ప్రేయరుతో అంతకన్నా తక్కువ నీటితో పని కానిచ్చేవాడికీ ‘లీటరుకు ఇంత’ అన్న లెక్క ఒకటి కాదు. లీటరు లెక్క, ఎకరా లెక్క రెండూ ఇవ్వాలి.

ఏ నేలకు చెబుతున్నారు?

గుడివాడ చుట్టుపక్కల నల్లరేగడికీ, బందరు తీరంలో ఉప్పు తగిలే మడికీ, నాగాయలంక, కోడూరు వైపు కాలువ చివరి చేలకూ ఒకే సలహా ఎలా సరిపోతుంది? ‘చౌడు నేలలో జిప్సం వేయండి’ అని ఒక్క ముక్కలో తేల్చేసే రాతలు నేను చూశాను. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. పాలచౌడులో ఉన్నది కరిగే ఉప్పు. దానికి మంచి నీరు నిలగట్టి, మురుగు కిందకు తీసేయడమే వైద్యం. జిప్సం పనిచేసేది కారుచౌడు మీద. తేడా తెలియాలంటే మట్టి పరీక్ష చేయించాలి. ఆ మాట రాయకుండా జిప్సం మాట రాస్తే దివిసీమ రైతు అప్పు చేసి తెచ్చిన బస్తాలు నేలలో వృథాగా కలిసిపోతాయి.

మన మినుము సంగతి చూడండి. దున్ని, సాలు తీసి మినుము వేసే ప్రాంతాల కోసం రాసిన వ్యాసం మన పేజీలోకి వస్తుంటుంది. మనం సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును చూసి, నిలబడిన పైరులోనే విత్తనం వెదజల్లేవాళ్లం. ఆ పద్ధతి వేరు, ఆ కలుపు వేరు, ఆ విత్తన మోతాదు వేరు. ఇప్పుడు అది కూడా మారుతోంది. కోత యంత్రం దిగిన చేలో దాని పట్టాల కింద మొలక నలిగిపోతుంది. కొడవలి కోతల నాడు రాసింది యంత్రం తిరిగే చేలో ఎంతవరకు పనికొస్తుందో చెప్పకుండా పాత వ్యాసాన్నే మళ్లీ వేస్తే ఎలా?

తారీఖు లేని సలహా

నా దగ్గర పాత పేపరు ముక్కల కట్ట ఒకటి ఉంది. మొన్న దుమ్ము దులిపి చదివాను. కాండం తొలిచే పురుగుకు ఫోరేట్ గుళికలు, దోమకు ఫాస్ఫామిడాన్, పురుగు ఏదైనా సరే ఎండోసల్ఫాన్! రాసిన రోజున అవి సిఫారసులే. కానీ ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపించింది. ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ వంటివి 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఆ ముక్కల మీద తారీఖు లేదు. మా మనవడు చదివితే నిన్న రాసిందో ముప్పై ఏళ్ల కిందట రాసిందో ఎలా తెలుస్తుంది?

యూరియా కూడా చూడండి. 2018కి ముందు బస్తా 50 కిలోలు. ఆ ఏడాది నుంచి 45 కిలోలు. ‘ఎకరాకు రెండు బస్తాల యూరియా’ అన్న పాత సలహాను ఈరోజు పాటిస్తే పది కిలోలు తక్కువ పడుతుంది. కిలోల్లో రాసి ఉంటే ఈ గొడవే లేదు.

అందుకే అంటున్నాను. సలహా కింద నెల, సంవత్సరం అచ్చు వేయాలి. ఎవరు చెప్పారో రాయాలి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు చెప్పారా, మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లా, లేక ఫలానా ఊరి రైతు అనుభవమా? ముగ్గురి మాటకూ విలువ ఉంది. కానీ ఆ విలువ ఒక్కటి కాదు. పరిశోధన కేంద్రం అనేక మళ్లలో వేసి చూసి చెబుతుంది. రైతు తన ఒక్క చేలో చూసి చెబుతాడు. ఏది ఏదో తెలిస్తే చదివేవాడు తన జాగ్రత్తలో తానుంటాడు.

‘వద్దు’ అని కూడా రాయాలి

మన రాతల్లో ‘వేయండి, చల్లండి, పిచికారీ చేయండి’ అన్నవే ఎక్కువ. ‘ఇప్పుడు ఏమీ కొట్టొద్దు’ అని రాసేవాళ్లు తక్కువ. మినుములో పల్లాకు తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. తొలి రోజుల్లోనే తెగులు మొక్కలు పీకేయడం, దోమను అదుపులో పెట్టడం, వచ్చే ఏడు తట్టుకునే రకం వేసుకోవడం, ఇవే మార్గాలు. ఆ మాట తిన్నగా చెప్పకుండా నాలుగు మందుల పేర్లు రాస్తే, పచ్చబడిన చేను మీద రైతు నాలుగు సార్లు డబ్బు పోస్తాడు.

వరిలో దోమ కనబడగానే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. తర్వాత దోమ రెట్టింపై తిరిగొస్తుంది. ఇది శాస్త్రవేత్తలు ఎన్నాళ్లుగానో చెబుతున్న సంగతి. కొట్టే మందు కూడా మొదళ్లకు తగలాలి. పైపైన ఆకు తడిపితే దోమకు ఏమీ కాదు. ముందు నీరు తీసి చేను ఆరబెట్టమనే సలహాకు కంపెనీ ప్రకటన ఇవ్వదు. అయినా ముందు రాయవలసింది అదే.

ఇంకొకటి, మందు అసలు పేరే రాయాలి గానీ కంపెనీ పెట్టిన పేరు కాదు. ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు. అసలు పేరు తెలిసిన రైతు షాపులో ధర అడిగి పోల్చుకుంటాడు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణం గుర్తు ఏం చెబుతుందో కూడా రాయాలి. ఎరుపు అంటే అతి విషం, ఆకుపచ్చ అంటే అన్నిటికన్నా తక్కువ. ఆ గుర్తు పక్కన ఏ పంటకు అనుమతి ఉందో, కొట్టిన ఎన్నాళ్లకు కోయాలో ఉంటుంది. చదవమని చెప్పేవాడు కావాలి.

అడిగేవాడి బాధ్యత

తప్పంతా రాసేవాడి మీద తోసేయడం కూడా న్యాయం కాదు. పేజీలకు వచ్చే ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలుసా? ‘మా వరి చేను పసుపెక్కింది. మందు చెప్పగలరు.’ అంతే! కింది ముదురాకులు ముందు పచ్చబడితే నత్రజని చాలలేదేమో. పై లేతాకులు తెల్లబారితే ఇనుము లోపమేమో. ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి చేను గిడసబారితే జింకు చాలకపోవచ్చు. మురుగు నిలిచి వేరు నల్లబడ్డా చేను పసుపెక్కుతుంది. ఇన్నింటిలో దేనికని జవాబివ్వాలి?

కాబట్టి ఉత్తరం రాసినా, ఫోను చేసినా ఈ సంగతులు చెప్పండి: ఊరు, నేల తీరు, వరి రకం, ఊడ్చి ఎన్ని రోజులైంది, నీరు నిలుస్తోందా పోతోందా, పచ్చదనం కింద మొదలైందా పైన మొదలైందా, చేనంతా ఉందా మచ్చలు మచ్చలుగా ఉందా, ఇప్పటికి ఏమేం వేశారు. మీరు కొట్టిన మందు దాచిపెడితే డాక్టరు దగ్గర రోగం దాచినట్టే. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి ఊళ్లలో ఉన్నాయి. ఎక్కడ అడిగినా, అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది.

‘ఇన్ని చూసుకుంటే రాయగలమా?’

ఒక మిత్రుడు ఈ మాటే అన్నాడు. ‘‘ఇన్ని షరతులు పెడితే ఎవరూ కలం ముట్టరు. పైగా ఇప్పుడంతా ఫోన్లోనే దొరుకుతుంది గదా’’ అని. ఫోన్లో దొరుకుతుంది, నిజమే. ఏ జిల్లా చేనో, ఏ నేలో, ఏ ఏడాదిదో చెప్పకుండా దొరుకుతుంది. అందువల్లే జిల్లా పేజీ అవసరం ఇంకా పెరిగింది. గుంటూరు మిరప రైతు చెప్పిన మాట గుడివాడ మినుముకు ఎందుకు పనికిరాదో చెప్పగలిగేది మన పేజీ ఒక్కటే.

రాయడం కష్టమే. నాలుగు పేరాలకు రెండు రోజులు తిరగాలి. ఒక ఉద్యోగిని అడగాలి, ఒక రైతును అడగాలి, అంకె రెండుసార్లు సరిచూసుకోవాలి. అచ్చయ్యాక తప్పు బయటపడితే మరుసటి వారమే, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయాలి. నేనారోజు ఆ పత్రికకు సవరణ రాసి పంపాను. వేశారో లేదో చూసుకోలేదు. అది నా రెండో తప్పు.

రైతు సోదరులకూ, అక్కచెల్లెళ్లకూ నాదో విన్నపం. మీరూ రాయండి. మీకు అచ్చు భాష రానక్కర్లేదు. ఈ సార్వాలో ఏ రకం వేశారు, ఏం ఖర్చయింది, ఎన్ని కిలోలు పండింది, ఎక్కడ దెబ్బతిన్నారు, పది వాక్యాలు చాలు. ముఖ్యంగా దెబ్బతిన్న సంగతి రాయండి. దిగుబడి గొప్పలు అందరూ చెబుతారు. నష్టం ఎందుకొచ్చిందో చెబితే పక్క ఊళ్లో ఇంకొకరి చేను నిలబడుతుంది.

మా వరస కొడుకు ఇప్పటికీ సేద్యం చేస్తూనే ఉన్నాడు. నేను ఏం రాసినా పంపేముందు అతనికి చదివి వినిపిస్తాను. ‘‘ఎకరాకా, హెక్టారుకా బాబాయ్?’’ అని ప్రతిసారీ అడుగుతాడు. నవ్వుతూనే అడుగుతాడు. నేను మాత్రం మళ్లీ ఒకసారి అంకె చూసుకుంటాను.

– పెదపారుపూడి నుంచి ఒక రైతు